కోర్వేర్: మెప్పూ నిందా మోసిన కారు

1950ల చివర్లో అమెరికా రోడ్ల మీద తిరిగే కార్లు ఏటికేడు పొడవు పెరిగాయి. వెనక రెక్కలు, ఒళ్లంతా క్రోమియం మెరుపు, బానెట్ కింద పెద్ద వీ8 ఇంజను. అలాంటి దేశంలో జర్మనీ నుంచి వచ్చిన చిన్న ఫోక్స్‌వాగన్ బీటిల్ లక్షల మందికి నచ్చింది. చిన్న కారు ఎవరు కొంటారని అనుకున్న డెట్రాయిట్ కంపెనీలకు అప్పుడు కదలక తప్పలేదు. ఫోర్డ్ ఫాల్కన్ అనే కారును, క్రైస్లర్ వేలియంట్‌ను సిద్ధం చేశాయి. రెండింటిలోనూ పాత పద్ధతే. ఇంజను ముందు, నీటితో చల్లబరిచే రేడియేటరు, వెనక ఒకే ముక్కగా గట్టి ఇరుసు. పెద్ద కారునే కుదించారు.

జనరల్ మోటార్స్‌లో షెవ్రోలే విభాగానికి అధిపతి ఎడ్ కోల్ ఆ దారి పట్టలేదు. 1955లో షెవ్రోలే కార్లకు కొత్త ఊపు తెచ్చిన వీ8 ఇంజను వెనక ఉన్న ఇంజనీరు ఆయన. చిన్న కారు కావాలంటే కాగితం మీద మొదటి గీత నుంచే కొత్తగా ఆలోచించాలని ఆయన నమ్మాడు. అలా పుట్టింది కోర్వేర్. 1959 అక్టోబరు 2న, 1960 మోడలుగా మార్కెట్లోకి వచ్చింది. ఆ వారం టైమ్ పత్రిక ముఖచిత్రం మీద కోల్ బొమ్మ పడింది. అమెరికాలో ఒక కారు ఇంజనీరుకు అంత గౌరవం దక్కడం అరుదు, ఆ కారుకు అది తగిన గౌరవమే.

ఆ ఇంజనుకు ఆరు సిలిండర్లు. అటు మూడు, ఇటు మూడు, ఎదురెదురుగా పడుకోబెట్టినట్టు ఉంటాయి. చాలా భాగం అల్యూమినియం. సామర్థ్యం 2.3 లీటర్లు, శక్తి 80 హార్స్‌పవర్. దానికి నీళ్లు అక్కర్లేదు, ఫ్యాను విసిరే గాలితోనే చల్లబడుతుంది. దాన్ని వెనక చక్రాలకు అవతల, డిక్కీ ఉండాల్సిన చోట పెట్టారు. ఈ ఒక్క మార్పుతో ఎన్నో లాభాలు కలిసొచ్చాయి. ముందు నుంచి వెనక్కి పొడవాటి షాఫ్టు పోనక్కర్లేదు కాబట్టి కారు లోపల నేల చదునుగా ఉంది, మధ్యలో కూర్చున్నవాడికీ కాళ్లు చాపుకునే చోటు దొరికింది. ముందు చక్రాల మీద బరువు తక్కువ కనుక పవర్ స్టీరింగ్ లేకుండానే స్టీరింగ్ తేలిగ్గా తిరిగేది. రోడ్డు మీద మంచు పేరుకున్న రోజున పక్కింటివాళ్ల పెద్ద కార్లు చక్రాలు ఊరికే తిప్పుకుంటూ ఉంటే, వెనక బరువున్న కోర్వేర్ పట్టు దొరికించుకుని ముందుకు పోయేది. రేడియేటరే లేదు కాబట్టి చలికాలంలో అందులో నీరు గడ్డకడుతుందన్న బెంగ లేదు. నాలుగు చక్రాలూ దేనికది విడిగా పైకీ కిందికీ కదిలేవి. ఇన్ని సుగుణాలతో ధర సుమారు 2,000 డాలర్లు.

కష్టాలు మొదలైంది కూడా ఆ వెనక చక్రాల దగ్గరే. వాటిని పట్టి ఉంచిన ఏర్పాటు పేరు స్వింగ్ యాక్సిల్. ఇరుసులో సగం అటు, సగం ఇటు గేరుపెట్టె దగ్గర కీలు మీద కదులుతాయి. చక్రం దగ్గర మాత్రం కీలు లేదు. భుజం దగ్గర కదిలి, మోచెయ్యి, మణికట్టు బిగుసుకుపోయిన చెయ్యిని ఊహించుకోండి. చెయ్యి పైకి లేచినా కిందికి దిగినా అరచెయ్యి కూడా దాంతోపాటే వంగుతుంది. అలాగే చక్రం కదిలిన ప్రతిసారీ దాని వాలు మారుతుంది. మెల్లగా పోతున్నప్పుడు ఇబ్బంది లేదు. వేగంగా మలుపు తిరిగినప్పుడు, బరువంతా పడ్డ బయటివైపు చక్రం కారు కిందికి మడుచుకోవాలని చూస్తుంది. మడుచుకుంటే కారు వెనక భాగం పైకి లేస్తుంది, రోడ్డును పట్టి ఉన్న టైరు మేర తగ్గిపోతుంది, వెనక భాగం బయటికి జారిపోతుంది. కారు మొత్తం బరువులో 60 శాతానికి పైగా వెనకే ఉంది కాబట్టి ఒకసారి జారడం మొదలైతే మామూలు డ్రైవరు దాన్ని నిలబెట్టలేడు. బీటిల్‌లోనూ, తొలినాటి పోర్షే కార్లలోనూ ఇదే తరహా ఇరుసు ఉంది. కానీ బీటిల్ ఇంజను శక్తి తక్కువ, పోర్షే కొనేవాడికి ఆ కారు తీరు తెలుసు. కోర్వేర్ కొన్నవాడు నిన్నటిదాకా ముందు ఇంజను ఉన్న పెద్ద షెవ్రోలే నడిపినవాడు.

దీనికి మందు లేకపోలేదు. ముందు చక్రాల మధ్య ఒక వంపు తిరిగిన స్టీలు కడ్డీ, అంటే యాంటీ రోల్ బార్ పెడితే మలుపులో వెనక టైర్ల మీద పడే భారం కొంత తగ్గుతుంది. తొలి నమూనాల దశలో ఇంజనీర్లు అనుకున్న ఈ కడ్డీని ఖర్చు కలిసొస్తుందని తీసేశారు. తర్వాతి రోజుల్లో షెవ్రోలేకే అధిపతి అయిన జాన్ డెలోరియన్, కంపెనీ వదిలి వెళ్లాక చెప్పిన మాటల ప్రకారం ఆ కడ్డీ ఖరీదు కారుకు సుమారు 15 డాలర్లే.

కడ్డీకి బదులుగా కంపెనీ ఎంచుకున్న ఉపాయం టైర్లలో గాలి. ముందు టైర్లకు 15 పౌండ్లు, వెనక టైర్లకు 26 పౌండ్లు. ముందు టైర్లు మెత్తగా ఉంటే మలుపులో ముందు భాగమే మొదట జారి, డ్రైవరును హెచ్చరిస్తుంది. లెక్క ప్రకారం ఇది సరైనదే. కానీ పెట్రోలు బంకులో గాలి కొట్టే కుర్రాడికి ఈ లెక్క ఎవరు చెప్పారు? మెత్తగా కనబడ్డ ముందు టైర్లను చూసి, మేలు చేస్తున్నాననుకుని, నాలుగింటికీ సమానంగా గాలి కొట్టాడు. కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో ఈ అంకెలు ఉన్నాయి, కానీ ఆ తేడా పోతే ప్రాణాపాయం ఉందన్న సంగతి గట్టిగా చెప్పలేదు. నా అభిప్రాయంలో కోర్వేర్ కథలో అసలు తప్పు ఇదే. స్వింగ్ యాక్సిల్ వాడటం తప్పు కాదు. కార్ఖానాలో భద్రతకు పెట్టాల్సిన ఖర్చును మిగుల్చుకుని, ఆ బాధ్యతను కొన్నవాడి మీదికీ, గాలి కొట్టేవాడి మీదికీ, వాళ్లకు తెలియకుండా తోసేయడం తప్పు.

యజమానులందరూ ఈ కారును తిట్టుకోలేదు. ఒకే కారు గురించి రెండు రకాల మాటలు వినబడేవి. ఘాట్ రోడ్డు లాంటి వంపుల్లో ఇంత తేలిగ్గా ఒదిగే అమెరికన్ కారు మరొకటి లేదని కొందరు మురిసిపోయారు. స్టీరింగ్ బాధ లేదని, మంచులో ఆగదని చెప్పారు. మరికొందరికి రోజూ ఏదో ఒక తలనొప్పి.

వాటిలో బాగా పేరుమోసింది ఫ్యాను బెల్టు. ఇంజను పుల్లీ నిలువుగా తిరుగుతుంది, దాని పైన ఫ్యాను అడ్డంగా పడుకుని తిరుగుతుంది. అందుకని ఒకే బెల్టు రెండు చిన్న పుల్లీల మీద మెలిక తిరిగి దిశ మార్చుకోవాలి. తొలి కార్ల ఫ్యాను బరువైనది. డ్రైవరు ఒక్కసారిగా యాక్సిలరేటరు తొక్కినా వదిలినా ఇంజను వేగం చటుక్కున మారుతుంది, బరువైన ఫ్యాను మాత్రం పాత వేగంతోనే పోవాలని చూస్తుంది. ఆ గుంజులాటలో బెల్టు ఊడి పడేది. డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలగగానే కారు ఆపకపోతే ఇంజను కాలిపోతుంది. కోర్వేర్ నడిపేవాళ్లు ఒక అదనపు బెల్టు, దాన్ని బిగించడానికి స్పానరు కారులో పెట్టుకుని తిరగడం అలవాటు చేసుకున్నారు. 1964లో తేలికైన మెగ్నీషియం ఫ్యాను వచ్చాక ఈ బాధ బాగా తగ్గింది.

రెండోది నూనె కారడం. వాల్వులను కదిపే కడ్డీలు 12 గొట్టాల్లో ఉంటాయి, ఒక్కో గొట్టానికి రెండు రబ్బరు రింగులు. గాలితో చల్లబడే ఇంజను వేడికి ఆ 24 రింగులూ గట్టిపడి పగిలేవి. నూనె చుక్కలు వేడి లోహం మీద పడి మాడేవి. 1961 నుంచి హీటరు సిలిండర్ల మీదుగా వచ్చిన వేడి గాలినే కారు లోపలికి పంపేది కాబట్టి, చలికాలంలో హీటరు వేస్తే కుటుంబమంతా మాడిన నూనె వాసన పీల్చాల్సి వచ్చేది. ఆ తర్వాత వేడికి ఓర్చే కొత్త రకం రబ్బరు రింగులు దొరికాయి. వాటిని వేయించుకున్నవాళ్ల ఇంజన్లు పొడిగా నడిచాయి. అయితే అప్పటికి చాలా కార్లు చేతులు మారిపోయాయి.

అమ్మకాల్లో మొదటి ఏడాది ఫాల్కన్ 4 లక్షల 35 వేలు దాటితే, కోర్వేర్ రెండున్నర లక్షల దగ్గర ఆగింది. పొదుపు కోసం కొనేవాడికి బాగుచేయడం తేలికైన ఫాల్కనే నచ్చింది. అయితే విడివిడి సీట్లతో మోంజా అనే రకం తేగానే కుర్రకారు కోర్వేర్ మీద మోజు పడింది. 1962లో టర్బో అమర్చిన 150 హార్స్‌పవర్ల రకం వచ్చింది. మార్కెట్లో అమ్మిన తొలి టర్బో కార్లలో అదొకటి. ఈ మోజును గమనించిన ఫోర్డ్, ఫాల్కన్ భాగాలతోనే ఒక అందమైన కారు కట్టి 1964 ఏప్రిల్‌లో వదిలింది. అదే మస్టాంగ్. దాని ముందు కోర్వేర్ నిలబడలేకపోయింది.

ఈలోగా అదుపు తప్పి బోల్తాపడ్డ కోర్వేర్ల మీద కోర్టుల్లో వందకు పైగా దావాలు పడ్డాయి. వాటిని శ్రద్ధగా చదివిన యువ న్యాయవాది రాల్ఫ్ నాడర్. లెబనాన్ నుంచి వలస వచ్చిన తల్లిదండ్రుల బిడ్డ, హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివాడు. 1965 నవంబరులో ఆయన రాసిన అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్ పుస్తకం వచ్చింది. మొదటి అధ్యాయం మాత్రమే కోర్వేర్ గురించి. మిగతావన్నీ అమెరికా కార్ల పరిశ్రమ మొత్తాన్ని నిలదీసినవి. గుద్దుకున్నప్పుడు డ్రైవరు ఛాతీలోకి దూసుకొచ్చే స్టీరింగ్ రాడ్డు, కళ్లు మిరుమిట్లు గొలిపే డాష్‌బోర్డు, పాదచారిని చీల్చే పదునైన రెక్కలు, ఇలా ఒక్కోటీ. ప్రమాదానికి డ్రైవరే కారణమని ఏళ్ల తరబడి చెప్పుకుంటూ వచ్చిన దేశానికి, బండి తయారీలోనూ కారణం ఉండొచ్చని ఆయన చూపించాడు.

జనరల్ మోటార్స్ దీనికి జవాబు చెప్పుకున్న తీరు ఆ కంపెనీకే మచ్చ. నాడర్ వెంట ప్రైవేటు డిటెక్టివులను పెట్టి ఆయన సొంత జీవితాన్ని తవ్వించింది. విషయం బయటపడింది. 1966 మార్చి 22న కంపెనీ అధ్యక్షుడు జేమ్స్ రోష్ సెనేట్ ఉపసంఘం ముందు, టీవీ కెమెరాల ఎదుట క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. నాడర్ వేసిన దావాలో 1970లో 4,25,000 డాలర్లకు రాజీ కుదిరింది. ఆ డబ్బును ఆయన వినియోగదారుల హక్కుల పనికే వెచ్చించాడు. అంతకంటే పెద్ద ఫలితం 1966 సెప్టెంబరు 9న వచ్చింది. వాహన భద్రతా ప్రమాణాలను ప్రభుత్వమే నిర్ణయించే చట్టం మీద అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేశాడు.

నాడర్ పుస్తకం అచ్చయ్యేనాటికి కోర్వేర్ మారిపోయింది. 1964 మోడలుకు ముందు కడ్డీ, వెనక ఒక అడ్డపట్టీ స్ప్రింగు అమర్చారు. 1965 మోడలులో స్వింగ్ యాక్సిల్‌నే తీసేసి, కార్వెట్ స్పోర్ట్స్ కారును పోలిన కొత్త ఏర్పాటు పెట్టారు. రూపం కూడా చూడముచ్చటగా ఉంది. మోటారు పత్రికలు దాన్ని ఆకాశానికెత్తాయి. కానీ మస్టాంగ్ దెబ్బకు, ఇక ఈ కారు మీద కొత్తగా ఖర్చు పెట్టొద్దని ఆ 1965లోనే, పుస్తకం రాకముందే కంపెనీ లోపల నిర్ణయం జరిగిపోయింది. తర్వాత వచ్చిన చెడ్డపేరు మిగిలిన పని పూర్తి చేసింది. 1965లో రెండు లక్షలు దాటిన అమ్మకాలు 1967లో 27 వేలకు, 1969లో 6,000కు పడిపోయాయి. 1969 మే 14న మిషిగన్‌లోని విల్లో రన్ కర్మాగారంలో చివరి కారు తయారైంది. పదేళ్లలో మొత్తం సుమారు 18 లక్షలు.

1972లో ప్రభుత్వ భద్రతా సంస్థే పాత కోర్వేర్‌ను ఆ కాలపు ఇతర చిన్న కార్లతో పాటు పరీక్షించింది. అదుపు తప్పడంలో, బోల్తాపడటంలో ఇది వాటికంటే అధ్వానం ఏమీ కాదని తేల్చింది. దీన్నిబట్టి నాడర్ అబద్ధమాడాడని అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. తోటి కార్లతో సమానమని తేలడం వేరు, చేతిలో ఉన్న మెరుగైన ఏర్పాటును డబ్బు కోసం పక్కన పెట్టడం వేరు. అలాగని కోర్వేర్ చావుబండి అన్న ముద్ర కూడా న్యాయం కాదు. అమెరికా కార్ల చరిత్రలో అంత ధైర్యంగా గీసిన చిన్న కారు మరొకటి దొరకడం కష్టం. ఉత్పత్తి ఆగిన ఆ 1969లోనే దాని యజమానులు ఒక సంఘం కట్టుకుని, ఇప్పటికీ ఆ కార్లను బతికించుకుంటున్నారు.

1966 చట్టం వల్లనే, లోపం బయటపడితే ఆ సంగతి కారు యజమానికి కంపెనీ తెలియజేయాల్సి వచ్చింది. 1974 సవరణతో ఉచితంగా బాగుచేయడం కూడా తప్పనిసరి అయింది. అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్ల ఇళ్లకు కార్ల కంపెనీల నుంచి వచ్చే రీకాల్ ఉత్తరాల మూలం అక్కడుంది. వాటిని ప్రకటన కాగితాలనుకుని పారేయకండి. మన దేశంలోనూ లోపమున్న వాహనాలను వెనక్కి రప్పించే అధికారం 2019 మోటారు వాహనాల సవరణ చట్టంతో ప్రభుత్వానికి వచ్చింది. సెకండ్ హ్యాండ్ కారు కొనబోయే ముందు దాని ఛాసిస్ నంబరు తీసుకుని కంపెనీ డీలరు దగ్గరికి వెళ్లండి. ఆ కారు మీద రీకాల్ పని ఏదైనా మిగిలి ఉందేమో అడగండి. ఉంటే చేయించాకే డబ్బు చెల్లించండి.