వేటగాని ఎంపిక – వేటలో కూలిన జింకల వయస్సు

పాత భవనముల గోడలపై వ్రేలాడు జింకకొమ్ములను చూచినవారు ఆ కాలపు జింకలు ఎంత పెద్దవో యని ఆశ్చర్యపడుట కద్దు. ఆశ్చర్యము సహజమే గాని, దానివలన కలుగు నిర్ణయము సరియైనది కాదు. గోడ కెక్కిన కొమ్ములు అడవిలోని జింక లన్నిటికిని ప్రతినిధులు కావు. అవి వేటగాని కంటికి నచ్చినవి మాత్రమే. చచ్చిన జింకల వయస్సును బట్టి బ్రతికియున్న మంద వయస్సును ఊహించునపుడు ఏ పొరపాటు దొరలునో చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

చెన్నపురి వాసులకు జింక యనగానే గిండీ వనము స్ఫురించును. ఒకప్పుడు దొరల వేటకై కాపాడబడిన ఆ అడవిని, అందలి భవనముతో గూడ, గిల్బర్ట్ రోడరిక్స్ అను నాతనినుండి ప్రభుత్వము 1821లో 35,000 రూపాయలకు కొనెను. 1910లో అది రక్షితారణ్య మయ్యెను. 1978లో జాతీయోద్యానముగా ప్రకటింపబడెను. నేడు సుమారు 2.7 చదరపు కిలోమీటర్ల ఆ వనమున కృష్ణజింకయు, మచ్చల దుప్పియు మేయుచున్నవి. వాడుకలో రెంటిని జింక యనియే పిలుతుము గాని, ఇవి వేర్వేరు కుటుంబములకు చెందినవి. దుప్పి కొమ్ములు శాఖలు గలవి. రాలి మరల మొలచును. కృష్ణజింక కొమ్ములు మెలికలు తిరిగినవి, రాలవు.

వయస్సు తెలియు విధ మెట్టిది? మగ కృష్ణజింక బాల్యమున తల్లివలె గోధుమవన్నెతో నుండును. ఏండ్లు గడచిన కొలది కొమ్ములకు మెలికలు హెచ్చును, వీపు నల్లబడును. కావున నల్లని మగజింకను కోరిన వేటగాడు, ఎరిగియో ఎరుగకయో, ముదిరిన దానినే కోరినవా డగుచున్నాడు. దుప్పి విషయమున కొమ్ము అంత నమ్మదగిన సాక్షి కాదు. అది వయస్సుతోపాటు మేతపైనను ఆధారపడును. వార్ధక్యమున తరిగిపోవుటయు కలదు. అందువలన శాస్త్రజ్ఞులు పండ్లను పరీక్షింతురు. పాలపండ్లు రాలి స్థిరదంతములు వచ్చు క్రమమును, పండ్ల అరుగుదలను చూతురు. శీతలదేశములందు దంతమూలమును కప్పిన పొరలో ఏటేట నేర్పడు వలయములను గూడ లెక్కింతురు.

ఇక ఎంపిక మాట. ఒక మందలో 100 మగజింక లున్నవనుకొందము. అందు 40 ఏడాదివి, 30 రెండు మూడేండ్లవి, 20 నాలుగైదేండ్లవి, 10 అంతకు పైబడినవి. ఎదురైన దానినెల్ల కొట్టు వేటగాడు పదింటిని చంపినచో, వానిలో సుమారు నాలుగు ఏడాదివే యుండును. పెద్ద కొమ్ములనే కోరువాడు ఓపికతో వెదకి పదింటిని చంపినచో, పదియు ముదిరినవే కావచ్చును. మంద ఒక్కటియే; రెండు వేటల లెక్కలు మాత్రము రెండు భిన్నమైన మందలను చూపుచున్నవి.

మరుసటి యేడు రెండవ వేటగానికి ముదిరినవి దొరకవు. చిన్నవానితో తృప్తిపడవలసి వచ్చును. కూలిన జింకల వయస్సు తగ్గును. అది క్షీణతకు గురుతు. కాని ఈనికలు బాగుగ నుండి లేతవి పెరిగినను ఆ వయస్సు తగ్గును; అది అభివృద్ధికి గురుతు. కావున వేటగాడు ఏ దృష్టితో ఎంచెనో తెలియక ఆ అంకెకు అర్థము చెప్పరాదు.

దీనికి అమెరికాలోని తెల్లతోక జింక నిదర్శనము. 1989లో అచ్చట వేటలో పడిన కొమ్ముల మగజింకలలో నూటికి 62 ఏడాదిన్నర ప్రాయమువి. లేతవానిని విడిచిపెట్టవలెనను నియమము వేటగాండ్రలో వ్యాపించిన పిదప ఆ పాలు నూటికి 30 ప్రాంతమునకు దిగెను. ఇచ్చట మొదట మారినది వేటగాని మనస్సు. మంద వయస్సు దాని ననుసరించి మారినది.

ఎంపిక ఫలము లెక్కలతో ఆగదు. కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రమున, రామ్ పర్వతముపై, పెద్ద కొమ్ముల కొండగొఱ్ఱెపొట్టేళ్లనే సుమారు ముప్పదేండ్లు వేటాడగా, తరువాతి తరముల కొమ్ములు చిన్నవైనవని 2003లో పరిశోధకులు ప్రకటించిరి. పెద్ద కొమ్ములవి తమ సంతతిని పెంపొందించుకొనక మునుపే కూలుచుండుట ఇందులకు కారణము. రష్యాలోని కల్మీకియాలో సైగా మృగములను కొమ్ములకై చంపుటచే మగవి మిక్కిలి తగ్గిపోయి, పడుచు ఆడువానికి చూలే నిలువని దుస్థితి సంభవించెను.

క్రూరమృగములును ఎంచుకొనవా యని కొంద రడుగవచ్చును. నిజమే. కర్ణాటకలోని నాగరహొళెలో పులులును, రేచుకుక్కలును ముదిరిన మగదుప్పులనే హెచ్చుగా చంపుచున్నవని 1995లో వెలువడిన పరిశోధన చెప్పుచున్నది. అనగా పులి విడిచిన కళేబరముల వలనను మంద వయస్సు సూటిగా తెలియదు. భేద మేమనగా, పులి ఆకలికై చంపును, కొలతకై చంపదు. మనుష్యుడు 1892 నాటికే లండనులో రోలండ్ వార్డు గ్రంథరూపమున కొమ్ముల కొలతల పట్టిక నచ్చొత్తించుకొనెను. పట్టిక కెక్కవలెనను ఆశ శ్రేష్ఠమైన దానివైపే గురిని త్రిప్పును.

భారతము అరణ్యపర్వమున ద్వైతవనములోని మృగములు ధర్మరాజునకు కలలో కనబడి, తమ కులము విత్తనములవలె కొలదిగా మిగిలినదని మొరపెట్టుకొన్న వృత్తాంతము కలదు. ఆయన దయతలచి కామ్యకవనమునకు తరలిపోయెను. ఎన్ని చంపితిమన్నది గాక, ఏవి మిగిలినవన్నది ఆ మృగముల ప్రశ్న. నేటి శాస్త్రజ్ఞుని ప్రశ్నయు అదియే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వలన కృష్ణజింక వేట నిషిద్ధమైనది. గిండీలో నేడు తుపాకి మ్రోగదు, పులియు లేదు. అయినను నగరముయొక్క ఊరకుక్కలును, మేతలో కలియు ప్లాస్టిక్ చెత్తయు, వాహనములును అక్కడి జింకలకు అపాయములే. ఇవియు తమ రీతిని ఎంపిక చేయునవియే. కావున ఒక జింక చచ్చినదని విన్నపుడు దాని వయస్సు నడిగి ఊరకుండరాదు. దానిని ఎంచుకొన్న దెవరని గూడ విచారింపవలెను. అప్పుడు గాని బ్రతికియున్న మందయొక్క స్థితి మనకు బోధపడదు.