రెండు అనలాగ్ సింథసైజర్లలో ఒకదాన్ని ఎంచుకోవడం: మోనోలాగ్, మినిలాగ్

7.1 పరిచయం

ఉగాదికి ముందు వచ్చే కొత్త అమావాస్య నాడు అనకాపల్లిలో నూకాంబిక అమ్మవారి జాతరకు వెళ్ళినవారు ఊరేగింపులో డప్పు, సన్నాయిలతోపాటు కీబోర్డు శబ్దం కూడా వినే ఉంటారు. ఆ కీబోర్డులో సన్నాయి మీట నొక్కితే సన్నాయిలాంటి నాదం, తబలా మీట నొక్కితే తబలా వస్తాయి. ఆ శబ్దాలు ముందే ఎక్కడో రికార్డు చేసి లోపల దాచినవి. ఈ భాగంలో మనం చర్చించే వాద్యం అలాంటిది కాదు. అనలాగ్ సింథసైజరులో దాచిన శబ్దం ఏదీ ఉండదు. విద్యుత్ వలయాల్లో అప్పటికప్పుడు తరంగాన్ని పుట్టించి, దాన్ని చెక్కి నాదంగా మలుస్తుంది.

ఈ తేడా ముందే తెలుసుకోవడం మీ డబ్బుకు సంబంధించిన విషయం. ఆర్కెస్ట్రాలో సినిమా పాటలకు వీణ, తబలా, వయొలిన్ శబ్దాలు ఇవ్వడమే మీ పని అయితే ఈ రెండు వాద్యాల్లో ఏదీ మీకు పనికిరాదు. మామూలు అరేంజర్ కీబోర్డు కొనుక్కోండి. ఇంత సూటిగా చెప్పడానికి కారణం ఉంది. పేరు విని, వీడియోలో మోత విని, అప్పు చేసి సింథసైజరు కొని, పెళ్ళి కచేరీలో ‘తబలా ఏదీ?’ అని అడిగితే తల దించుకున్న యువకులు ప్రతి పట్టణంలోనూ ఉంటారు. కొత్త నాదాన్ని తయారు చేయాలన్న కోరిక ఉన్నవారికే మిగిలిన చర్చ.

7.2 కొంత చరిత్ర

అమెరికాకు చెందిన రాబర్ట్ మూగ్ 1964లో తన తొలి సింథసైజరు నమూనాను ప్రదర్శించాడు. ఆయన పద్ధతిలో స్వరస్థానాన్ని వోల్టేజి నిర్ణయిస్తుంది. ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి వెళుతుంది. మధ్య షడ్జం నుంచి తార షడ్జానికి చేరడానికి సరిగ్గా ఒక వోల్టు చాలు. మన దేశానికి ఈ యంత్రం చాలా తొందరగానే వచ్చింది. 1969లో అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజరుతో ఒక ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియోను నెలకొల్పాడు. 1982లో బొంబాయి సినీ వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ జపాన్‌లో తయారైన రోలాండ్ యంత్రాలపై పది రాగాలను డిస్కో లయలో వాయించి రికార్డు విడుదల చేశాడు. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. దాదాపు మూడు దశాబ్దాల తరువాత అదే రికార్డును ప్రపంచమంతా వెతికి మరీ విన్నది.

1970లో వచ్చిన మినీమూగ్ ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. చేసిన నాదాన్ని గుర్తుపెట్టుకునే జ్ఞాపకశక్తి దానికి లేదు. 1978 నాటి ప్రాఫెట్-5 ఒకేసారి ఐదు స్వరాలు పలికి, అమర్చిన నాదాలను దాచుకోగలిగింది. ఒంటి స్వరమా, బహుస్వరమా అన్న ఎంపిక అప్పటి నుంచీ ఉంది. 1983లో యమహా డీఎక్స్7 వచ్చాక డిజిటల్ వాద్యాలు అనలాగ్‌ను చాలాకాలం పక్కకు నెట్టాయి. తిరిగి సామాన్యుడికి అందే ధరలో వచ్చిన అనలాగ్ వాద్యాల్లో జపాన్ సంస్థ కోర్గ్ తయారుచేసిన రెండింటిని ఇక్కడ తీసుకుందాం. 2016లో వచ్చిన మినిలాగ్ నాలుగు స్వరాలది. ఆ మరుసటి ఏడాది వచ్చిన మోనోలాగ్ ఒంటి స్వరానిది. అమెరికాలో విడుదలైనప్పుడు మొదటిది సుమారు 500 డాలర్లు, రెండోది సుమారు 300 డాలర్లు.

7.3 నాదం ఎలా పుడుతుంది

రెండింటిలోనూ పని జరిగే తీరు ఒకటే. ముందు ఆసిలేటర్ తరంగాన్ని పుట్టిస్తుంది. రంపపు పళ్ళ ఆకారంలో ఉండే తరంగంలో అన్ని అనుస్వరాలూ ఉంటాయి కనుక అది సన్నాయిలా గట్టిగా, కొంచెం గరుకుగా వినిపిస్తుంది. చతురస్ర తరంగంలో బేసి సంఖ్య అనుస్వరాలే ఉంటాయి. అందుకే దానికి బ్యాండు మేళంలోని క్లారినెట్ లాంటి బోలు ధ్వని వస్తుంది. త్రిభుజ తరంగం వేణువులా మెత్తన. తరువాత ఫిల్టరు పై అనుస్వరాలను కోసివేస్తుంది. చెరకు రసాన్ని వడగట్టడం అనకాపల్లివారికి కొత్తగా చెప్పనక్కరలేదు. రసం పుట్టేది గానుగలో, తేట అయ్యేది వడపోతలో. చివరగా ఎన్వలప్ అనే భాగం నాదం ఎంత త్వరగా పైకి లేవాలో, ఎలా తగ్గాలో నిర్ణయిస్తుంది. మీటితే ఠక్కున లేచి మెల్లగా ఆరిపోయే వీణ నాదానికీ, ఊపిరి ఉన్నంతసేపు నిలిచే వేణునాదానికీ ప్రధానమైన తేడాల్లో ఇది ఒకటి.

ఇక భేదాలు. మోనోలాగ్‌లో రెండు ఆసిలేటర్లు ఉంటాయి. మినిలాగ్‌లో ప్రతి స్వరానికీ రెండు చొప్పున మొత్తం ఎనిమిది. ఈ ఎనిమిదింటినీ ఒకే స్వరంపై కుప్పగా పోయవచ్చు. అప్పుడు ఒక్క మెట్టు నొక్కినా పది మంది కలిసి పాడినట్లు ఉంటుంది. మినిలాగ్ ఫిల్టరు రెండు రకాలుగా పనిచేస్తుంది. స్థాయికి 12 డెసిబెల్స్ చొప్పున మెల్లగా కోయవచ్చు, 24 చొప్పున నిటారుగానూ కోయవచ్చు. మోనోలాగ్ ఫిల్టరు 12 డెసిబెల్స్‌ది మాత్రమే. అందువల్ల పై అనుస్వరాలు కొన్ని మిగిలి నాదం పదునుగా ఉంటుంది. దానికి తోడు డ్రైవ్ అనే మీట ఒకటి ఉంది. దాన్ని తిప్పితే నాదం చిట్లి, లౌడ్‌స్పీకరు గొంతులా ముతకబారుతుంది. జనం మధ్య, డప్పుల మోత మధ్య వినబడాలంటే ఈ ముతకతనమే కావాలి. మినిలాగ్ నాదం గదిలో విన్నప్పుడు ఎంతో ఇంపుగా ఉంటుంది. దానికి ప్రతిధ్వని కలిపే డిలే కూడా లోపలే ఉంది. మోనోలాగ్‌లో అది లేదు.

ఎన్వలప్ విషయంలో మినిలాగ్‌దే పైచేయి అని నా అభిప్రాయం. దానిలో నాలుగు దశల ఎన్వలప్‌లు రెండు ఉన్నాయి. నాదం బిగ్గరతనాన్ని ఒకటి, ఫిల్టరు కదలికను మరొకటి విడివిడిగా నడపవచ్చు. మోనోలాగ్‌లో ఒకటే ఎన్వలప్, అదీ సరళమైనది.

7.4 గమకం అసలు పరీక్ష

1940లో ఆకాశవాణి హార్మోనియంను నిషేధించి, 1971 దాకా దాన్ని సడలించలేదు. మెట్ల వాద్యంపై స్వరానికీ స్వరానికీ మధ్య జారడం కుదరదన్నది ఆ నిషేధానికి చెప్పిన ముఖ్య కారణాల్లో ఒకటి. సింథసైజరుకూ మెట్లే ఉంటాయి కనుక ఆ అభ్యంతరం దీనికీ వర్తిస్తుందా అని మీరు అడగవచ్చు. పూర్తిగా వర్తించదు. రెండు వాద్యాలకూ ఎడమవైపు స్ప్రింగుతో మధ్యకు తిరిగివచ్చే చిన్న పుల్ల ఉంటుంది. కుడిచేత్తో మెట్టు నొక్కి, ఎడమచేత్తో ఈ పుల్లను ఊపితే స్వరం పైకీ కిందకీ జారుతుంది. ఎంత జారాలో కూడా ముందుగా నిర్ణయించుకోవచ్చు. తోడిలో సాధారణ గాంధారాన్ని ఊపడానికి రెండు స్వరస్థానాల పరిధి ఉంచుకుని సాధన చేయండి. మొదటి వారం అపస్వరాలే వస్తాయి.

ఇక్కడే బహుస్వర వాద్యంతో చిక్కు వస్తుంది. మినిలాగ్‌పై ఎడమవైపు మెట్లలో షడ్జ పంచమాలు నొక్కిపట్టి, కుడివైపు గాంధారం పలికిస్తూ పుల్లను ఊపారనుకోండి. గాంధారం ఒక్కటే ఊగదు, కింద నిలిచి ఉండవలసిన షడ్జమూ పంచమమూ కూడా దానితోపాటే ఊగుతాయి. తంబురా ఊగితే పాడేవాడి గతి ఏమిటో ఊహించండి! దీన్ని తప్పించుకోవడానికి మినిలాగ్‌ను ఒంటి స్వర పద్ధతిలో ఉంచి, శ్రుతికి వేరే శ్రుతిపెట్టె పెట్టుకోవాలి. అలా చేసేటట్లయితే నాలుగు స్వరాలకు ఇచ్చిన డబ్బు రాగం వాయించేటప్పుడు వృథా అవుతుంది.

మోనోలాగ్‌కు మరో బలం ఉంది. స్వరస్థానాలను మనకు కావలసినట్లు సవరించుకునే సౌకర్యం దానిలో ఉంది. బ్రిటిష్ సంగీతకారుడు రిచర్డ్ డి. జేమ్స్ సలహాతో ఆ భాగాన్ని రూపొందించారు. దాని అవసరం ఏమిటో చిన్న లెక్కతో చూద్దాం. షడ్జం పౌనఃపున్యం 240 అనుకుంటే, తంబురాతో కలిసిపోయే అంతర గాంధారం దానికి 5/4 వంతు, అంటే 300. మామూలు కీబోర్డులో స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేస్తారు కనుక అదే గాంధారం 302.4 దగ్గర పలుకుతుంది. తేడా చిన్నదే. కాని షడ్జపు ఐదో అనుస్వరం 1200, ఈ గాంధారపు నాలుగో అనుస్వరం సుమారు 1209.5. రెండూ ఢీకొని క్షణానికి తొమ్మిదికి పైగా విస్పందనాలు పుడతాయి. మోహనంలో గాంధారంపై నిలిచినప్పుడు చెవిలో గరగరలాడేది అదే. పంచమం విషయంలో ఈ బాధ దాదాపు లేదు. 360 ఉండవలసినచోట 359.6 ఉంటుంది. మోనోలాగ్‌లో గాంధారాన్ని 14 సెంట్లు తగ్గించి దాచుకుంటే ఆ గరగర పోతుంది. సెంటు అంటే రెండు పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు.

7.5 చేతికింద పని

మినిలాగ్‌కు 37 మెట్లు, మూడు స్థాయిలు. మోనోలాగ్‌కు 25, రెండు స్థాయిలు. రెండింటిలోనూ మెట్లు మామూలు హార్మోనియం మెట్లకన్నా సన్నగా ఉంటాయి. ముదురు వేళ్ళవారికి మొదట ఇబ్బందే. మోనోలాగ్ మెట్లు ‘ఇ’ నుంచి మొదలై ‘ఇ’తో ముగుస్తాయి. షడ్జాన్ని ‘సి’ దగ్గర పెట్టుకుంటే మంద్ర గాంధారం నుంచి తార గాంధారం దాకా చేతికింద ఉంటుంది. భజన పాటకు ఇది చాలు. అంతకు మించి కావాలంటే స్థాయి మార్చే మీట ఉంది.

రెండింటిలోనూ 16 అడుగుల సీక్వెన్సరు ఉంటుంది. మీరు వాయించినదాన్ని గుర్తుపెట్టుకుని తిరిగి తిరిగి వాయిస్తుంది. ఆది తాళానికి పదహారు అడుగులు చక్కగా సరిపోతాయి. మిశ్రచాపు కావాలంటే చివరి రెండు అడుగులను ఆపివేసి పద్నాలుగు ఉంచండి. ఖండచాపుకు పది ఉంచండి. మినిలాగ్ సీక్వెన్సరు ఒక అడుగులో నాలుగు స్వరాలు దాచుకుంటుంది కనుక సినిమా నేపథ్య సంగీతానికి అవసరమైన స్వరసముదాయాలను అల్లడానికి అనువు. మోనోలాగ్‌లో అడుగుకూ అడుగుకూ మధ్య స్వరం జారేలా అమర్చవచ్చు. యంత్రం వాయించే జారు మనిషి జారు కాదు, అయినా అది లేని సీక్వెన్సరుతో పోలిస్తే ఎంతో మేలు.

తయారుచేసిన నాదాలను మినిలాగ్ 200 దాకా, మోనోలాగ్ 100 దాకా దాచుకుంటాయి. ఈ లెక్కను చూసి నిర్ణయించుకోవద్దు. వంద నాదాలు నిజంగా వాడే వాద్యకారుడు అరుదు.

కరెంటు సంగతి మాత్రం చూడాలి. మోనోలాగ్ ఆరు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. బరువు రెండు కిలోలకన్నా తక్కువ. ఊరేగింపు బండి మీద, జనరేటరు ఆగిన క్షణంలో కూడా వాద్యం ఆగిపోదు, స్పీకరుకు బ్యాటరీ ఉంటే చాలు. మినిలాగ్‌కు అడాప్టరు తప్పనిసరి. అనలాగ్ వలయాలు వేడికి స్పందిస్తాయి. మే నెల మధ్యాహ్నం పందిట్లో మొదలుపెట్టినప్పటి శ్రుతి గంట తరువాత కదలవచ్చు. రెండింటికీ తమంతట తామే శ్రుతి సరిచేసుకునే ఏర్పాటు ఉంది. వాద్యాన్ని వెలిగించి పది, పదిహేను నిమిషాలు వేడెక్కనిచ్చి, ఆ పని చేయించి, అప్పుడు పాట మొదలుపెట్టండి. సముద్రపు గాలి తగిలే యలమంచిలి, పాయకరావుపేట వైపు ఉండేవారు వాద్యాన్ని కప్పి ఉంచడం మరవకూడదు. తేమకూ ధూళికీ మీటలు గరగరమంటాయి.

7.6 ఎవరికి ఏది

రాగం వాయించాలి, గాయకుడి వెనుకో డప్పు మేళంతోనో నిలవాలి, ఉన్న డబ్బు కొంచెమే అనుకునేవారు మోనోలాగ్ తీసుకోవడం మంచిదని నా సలహా. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని లఘుచిత్రాలకు నేపథ్య సంగీతం కూర్చేవారికి మినిలాగ్ నయం. ఒక స్వరాన్ని పలికించి కంప్యూటరులో ఒకదానిపై ఒకటిగా నాలుగుసార్లు రికార్డు చేస్తే మోనోలాగ్‌తో కూడా సముదాయాలు వస్తాయి కదా అని మీకు తోచవచ్చు. వస్తాయి. కాని సంగీతం తోచే వేళ చేతికింద నాలుగు స్వరాలూ కలిసి వినిపించడం వేరు, ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోవడం వేరు. చాలామంది రెండో పనిలో విసిగి మధ్యలోనే వదిలేస్తారు.

కొనేముందు విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో వాద్యం దొరికేచోట స్వయంగా వాయించి చూడండి. మీతో సొంత శ్రుతిపెట్టెను, దుకాణం స్పీకరు నమ్మకుండా ఒక మంచి హెడ్‌ఫోనును తీసుకువెళ్ళండి. దాచి ఉంచిన నాదాలేవీ వినవద్దు. అవి అమ్మడానికి చేసినవి. ఖాళీ నాదంతో మొదలుపెట్టి, రంపపు తరంగం ఒక్కటే ఉంచి, ఫిల్టరును మెల్లగా మూస్తూ తెరుస్తూ మోహనం ఆరోహణ అవరోహణలు వాయించండి. తరువాత గాంధారంపై నిలిచి పుల్లను ఊపండి. వాడిన వాద్యం కొంటున్నట్లయితే ప్రతి మీటనూ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తిప్పి గరగర వస్తుందేమో వినండి. ప్రతి మెట్టునూ విడిగా నొక్కండి. అరగంట వెలిగించి ఉంచి, శ్రుతిపెట్టెతో షడ్జం మళ్ళీ కలుస్తున్నదో లేదో సరిచూసి, ఆ తరువాతే ధర మాట్లాడండి.