ఘాట్ దిగితే గానపాఠశాల

రాయగడలో రైలెక్కి విజయనగరం వైపు వస్తుంటే కూనేరు దగ్గర రాష్ట్రం మారుతుంది. మాట మారదు. కొరాపుట్ నుంచి రోడ్డున వచ్చేవాళ్లకూ అంతే. సునాబెడ, పొట్టంగి దాటి ఘాట్ దిగితే సాలూరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ కొండలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీవే, విశాఖపట్నం ఏజెన్సీవే. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఒడియాలోనూ తెలుగులోనూ పండితుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు పంపిన దాత. 1992లో కొరాపుట్‌ను విడదీసి రాయగడను వేరే జిల్లా చేశారు. గీతలు ఎన్ని గీసినా, ఇక్కడి తెలుగింటి అమ్మాయి కర్ణాటక గాత్రాన్ని కాలేజీలో చేరి చదువుకోవాలంటే విజయనగరం వైపే చూడాలి. భువనేశ్వర్‌లో 1964 నుంచి ఉత్కళ సంగీత మహావిద్యాలయం ఉంది. కానీ అక్కడికి ఒక రాత్రి ప్రయాణం. పైగా అక్కడి బలం ఒడిస్సీ, హిందుస్తానీ బాణీల్లో.

విజయనగరం కాలేజీ 1919లో విజయరామ గానపాఠశాలగా మొదలైంది. ఆస్థాన ఉద్యోగి ఒకరు చూపులేని తన కొడుక్కి సంగీతం చెప్పించే దారి అడిగితే, మహారాజు విజయరామ గజపతి ఏకంగా బడే పెట్టించారని ఊళ్లో చెప్పుకుంటారు. అప్పటిదాకా పాట నేర్వాలంటే గురువుగారింట్లో ఉండాలి, లేదా ఆ ఇంట్లోనే పుట్టి ఉండాలి. బడి వచ్చాక వంశం అడిగేవాళ్లు తగ్గారు. నా దృష్టిలో ఆ కాలేజీ చేసిన పెద్ద పని అదే. పట్టాలు, పతకాలు ఆ తర్వాతి సంగతి.

తొలి అధ్యక్షుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. కాళ్లు, చేతులు, తల వేర్వేరు తాళాలు వేస్తుండగా పాడిన పంచముఖి విన్యాసం ఆయనది. మైకు లేకుండా మైదానమంతా వినిపించిన గొంతు. సిలబస్ పట్టుకుని పాఠం చెప్పే మనిషి అయి ఉంటారని మాత్రం నాకు తోచదు! వయొలిన్‌కు ద్వారం వెంకటస్వామి నాయుడు వచ్చారు. విద్యార్థిగా చేరదామని వస్తే వాయిద్యం విని ఆచార్యుణ్ణి చేశారన్నది ప్రసిద్ధ కథ. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్లు కూడా నిండలేదు. 1936లో దాసుగారి తర్వాత అధ్యక్షుడూ ఆయనే.

గాత్రం సంగతికొస్తే మళ్లీ సాలూరుకు రావాలి. కాలేజీలో గాత్రం చెప్పిన పట్రాయని సీతారామశాస్త్రి సాలూరు చిన్న గురువుగారు. తండ్రి నరసింహశాస్త్రి పెద్ద గురువుగారు. చిన్న గురువుగారు కచేరీలో తానే హార్మోనియం వాయించుకుంటూ పాడేవారు. కృష్ణా జిల్లా నుంచి ఘంటసాల వెంకటేశ్వరరావు అనే కుర్రాడు చేతిలో చిల్లిగవ్వ లేకుండా విజయనగరం చేరినప్పుడు ఇంట్లో చోటిచ్చి, పైసా తీసుకోకుండా పాఠం చెప్పింది ఈయనే. భోజనానికి ఆ కుర్రాడు మధుకరం ఎత్తాడు. భుజాన జోలె వేసుకుని వీధి వీధీ తిరగడం చిన్న విషయమేమీ కాదు. ఆ తర్వాతి తరంలో ఇదే ఊరి అమ్మాయి పి.సుశీల ఇదే కాలేజీలో డిప్లొమా చేసి మద్రాసు వెళ్లింది. వాళ్లిద్దరూ మైకు ముందు పాడి బతికినవాళ్లు. దాసుగారి మైదానపు గొంతుకూ, సుశీలగారి స్టూడియో గొంతుకూ పునాది ఒకే బడి పేరు మీద ఉండడం చిత్రంగా అనిపిస్తుంది.

క్లాసులో శ్రుతి ఎవరిది?

ఇంట్లో గురువు ఒక్కరికే చెబుతాడు, శిష్యుడి శ్రుతికి తంబురా సవరిస్తాడు. కాలేజీలో అలా కుదరదు. ఆడపిల్లల గొంతు మామూలుగా ఐదు, ఐదున్నర శ్రుతి దగ్గర హాయిగా పలుకుతుంది. మగవాళ్లది ఒకటి, రెండు దగ్గర. ఒకే గదిలో అందరూ మాయామాళవగౌళలో సరళీస్వరాలు అందుకుంటే ఎవరో ఒకరికి తారస్థాయిలో గొంతు పట్టేస్తుంది, ఇంకెవరికో మంద్రంలో మాట దిగదు. అనుభవమున్న మాస్టారు మధ్యే ఒక శ్రుతి పెట్టి, మూడు కాలాలూ అందరిచేతా అనిపించి, అసలు పరీక్ష విడివిడిగా చేస్తారు. పదమూడు, పద్నాలుగేళ్లప్పుడు మగపిల్లల గొంతు చీలుతుంది. అప్పుడు బలవంతాన పాడిస్తే పాడైపోతుంది. శ్రుతి దించి, తాళమో వీణో చేతికిచ్చి, కొన్నాళ్లు ఆగాలి. వీణకైతే దూరం పోనక్కర్లేదు, అదే రైలు దారిలో బొబ్బిలి ఉంది, పనస కర్ర వీణలకు పేరుపడ్డ ఊరు.

కొండ మీది పిల్లలకు ఇంకో చిక్కు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. కీర్తన నోటికి వస్తుంది, పుస్తకం చదవడం రాదు. ఒడియా లిపిలో రాసుకుంటే ఎ, ఏ తేడా ఉండదు, ఒ, ఓ తేడా ఉండదు. ఆ రెండు హ్రస్వాలకూ ఆ లిపిలో వేరే అక్షరాలే లేవు. పాటలో దీర్ఘం ఎక్కడ లాగాలో అక్కడే సాహిత్యం జారిపోతుంది. నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా చదవాలనుకునేవాళ్లు ముందు ఆరు నెలలు తెలుగు అక్షరాలకు కేటాయించుకుంటే మంచిది. ఒడియా వచ్చినందుకు లాభమూ ఉంది. జయదేవుడి అష్టపదులు మనవాళ్లు కర్ణాటక రాగాల్లో పాడతారు, ఒడిస్సీ గాయకులు తమ బాణీలో పాడతారు. రెండు వైపులా విని అర్థం చేసుకోగల చెవి సరిహద్దు పిల్లలదే.

సిలబస్‌లో లేని పాట

ఈ కథలో నాకు నచ్చనిది ఒకటుంది. ఇక్కడి గిరిజనుల ఆటపాటను అరకు వైపు థింసా, కొరాపుట్ వైపు ఢెంసా అంటారు. ఆడవాళ్లు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు కలిపి వరసగా అడుగులేస్తుంటే డోలు, తమక్, సన్నాయి లాంటి మొహురి మోగుతాయి. గుణుపురం కొండల్లో సవరల పాటలు, రాయగడ చుట్టూ కొందుల పాటలు వేరే. ఏటా కొరాపుట్‌లో పరబ్, రాయగడలో చైతి పండుగల వేదికల మీద వీటికి చప్పట్లు బాగానే పడతాయి. కాలేజీ గాత్రం పాఠాల్లో మాత్రం వీటికి చోటు లేదు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉన్న గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశారు. మాటకు దొరికిన ఆ గౌరవం వరసకు దొరకలేదు. ఆ పాటకు శ్రుతిపెట్టె లేదు, మొహురి ఎత్తుకున్న స్వరమే ఆధారం. ఆ ఎత్తుకు వందమంది గొంతులు ఎలా సర్దుకుంటాయో గాత్రం విద్యార్థి గమనించదగ్గ పాఠమే. రెండో ఏట ఒక్క పేపర్‌గానైనా ఇది పెడితే రాయగడ నుంచి వచ్చిన అమ్మాయి కొన్ని రోజులు మాస్టారి కుర్చీలో కూర్చోవలసి వస్తుంది.