ఢిల్లీ లేఖ: గంటలకు అందని సేవ

విద్యార్థుల చేత దేశసేవ చేయించాలా, లేక వారంతట వారే ముందుకు వచ్చేదాకా వేచి ఉండాలా? రాజధానిలో ఈ మీమాంస నేటిది కాదు. డాక్టర్ సి.డి. దేశ్‌ముఖ్ అధ్యక్షతన 1959లో ఏర్పడిన సంఘం, విశ్వవిద్యాలయంలో చేరదలచిన వారికి 9 నెలల నుంచి సంవత్సరం దాకా సేవను నిర్బంధం చేయాలని సిఫార్సు చేసింది. వ్యయానికీ, అమలులోని చిక్కులకూ జంకి ప్రభుత్వం అంగీకరించలేదు. తర్వాత కె.జి. సైయదైన్ పలు దేశాల పద్ధతులను పరిశీలించి, ఐచ్ఛికమే మేలన్నారు.

దేశ్‌ముఖ్ సతీమణి మన దుర్గాబాయమ్మే. 1923 కాకినాడ కాంగ్రెసు నాటికి ఆమెకు పద్నాలుగేళ్లు. ఖాదీ ప్రదర్శనశాల ద్వారం వద్ద వలంటీరుగా నిలిచి, టికెట్టు లేని జవహర్‌లాల్ నెహ్రూను లోనికి పోనివ్వలేదు. నిర్వాహకులు టికెట్టు కొని ఇచ్చిన పిమ్మటనే దారి ఇచ్చింది. ఆ బాలికను అక్కడ నిలబెట్టిన నిర్బంధం ఏదీ లేదు.

గాంధీ శతజయంతి సందర్భంగా 1969 సెప్టెంబరు 24న నాటి విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాలలో జాతీయ సేవా పథకాన్ని ప్రారంభించారు. పథకం ఐచ్ఛికమే, కానీ ఏటా 120 చొప్పున రెండేళ్లలో 240 గంటలు పూర్తి చేయాలి. ఏడు రోజుల శిబిరం అదనం. ఒక ఉపాధ్యాయుడు పర్యవేక్షకుడు. ఊరిని దత్తత తీసుకుంటారు, బాట వేస్తారు, రక్తదానం చేస్తారు, తొలకరిలో మొక్కలు నాటుతారు. ఇవి చిన్న పనులు కావు. పల్లె ముఖం చూడని పట్నం బిడ్డకు ఆ ఏడు రాత్రులే ఒక పాఠం.

చిక్కల్లా శిబిరం ఎత్తివేసిన తర్వాత. మొక్కకు నీరు అవసరమయ్యేది ఎండాకాలంలో. కళాశాలకు సెలవులు వచ్చేదీ అప్పుడే. కనుక ఆ ఊరి కుర్రవాళ్లను మొదటి రోజునే పనిలో కలుపుకోని శిబిరం, ఎంత ఆర్భాటంగా జరిగినా, చుట్టపుచూపే అవుతుంది. హాజరు పట్టీలో గంటలు మాత్రం నిండుతాయి.

2023 అక్టోబరు 31న ‘మేరా యువ భారత్’ వచ్చింది. యువకులు ఇంటర్నెట్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. ఎందరు చేరారని సభలో అడిగితే మంత్రి అంకెలు చదవగలరు. నిరుడు వేసిన బాటను, నాటిన మొక్కను ఇప్పుడెవరు చూస్తున్నారన్నది అడగవలసిన అనుబంధ ప్రశ్న.