ఉబ్బసమూ, ఊబకాయమూ: పిల్లల్లో ఒక విషవలయం

ఆరోగ్యమే మహాభాగ్యమని మన పెద్దలన్నారు. కాని పిల్లల విషయానికి వచ్చేసరికి మన ఇళ్ళల్లో ఆరోగ్యానికి కొలబద్ద ఒక్కటే: పిల్లవాడు బొద్దుగా వున్నాడా, లేదా? బుగ్గలు నిండుగా వుంటే "తిండి బాగా వంటబట్టింది" అని మురిసిపోతారు. సన్నగా వుంటే తల్లిని ఆడిపోసుకుంటారు. కరువు రోజులు చూసిన రైతు కుటుంబాల్లో ఈ అభిప్రాయం మరీ బలంగా పాతుకుపోయింది. ఇక ఉబ్బసం అనగానే మన కళ్ళముందు మెదిలేది బక్కచిక్కి, డొక్కలెగరేస్తూ మంచంమీద కూర్చున్న ముసలాయన. బొద్దుగా వున్న పిల్లవాడికీ, ఈ ముసలాయనకూ ఏం సంబంధం అనిపిస్తుంది. సంబంధం వున్నదనే నేటి వైద్యశాస్త్రం చెబుతోంది. ఆ సంగతే ఈ వ్యాసంలో నాకు తెలిసినంతవరకు వివరిస్తాను.

ఉబ్బసం అంటే?

మనం పీల్చే గాలి ముక్కు నుంచి వాయునాళంలోకి, అక్కడినుంచి చెట్టుకొమ్మల్లా చీలిపోయే శ్వాసనాళాల్లోకి, చివరకు వాయుగోణుల్లోకి చేరుతుంది. ఉబ్బసం వున్నవారిలో ఈ శ్వాసనాళాల లోపలి పొర ఎప్పుడూ వాచే వుంటుంది. దుమ్ము, పొగ, పుప్పొడి, జలుబు, చలిగాలి, ఏదో ఒకటి తగిలేసరికి నాళం చుట్టూ వున్న కండరాలు బిగుసుకుంటాయి. లోపల జిగట చేరుతుంది. దారి సన్నబడుతుంది. పీల్చుకోవడం కంటే విడవడం కష్టమవుతుంది. పిల్లికూతలు వినిపించేది అప్పుడే.

ఇది అరుదైన జబ్బేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో ప్రపంచం మొత్తంమీద 26 కోట్ల 20 లక్షల మందికి ఉబ్బసం వుంది. మృగశిర కార్తె నాడు హైదరాబాదులో చేపమందు కోసం బారులు తీరే జనాన్ని చూసినవారికి మన దగ్గర ఈ బాధ ఎంతమందికి వుందో వేరే చెప్పనక్కరలేదు.

లావు అని ఎలా చెప్పాలి?

కంటితో చూసి చెప్పడం శాస్త్రం కాదు. కిలోగ్రాముల్లో బరువును, మీటర్లలో ఎత్తు యొక్క వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్యను బాడీ మాస్ ఇండెక్స్ అంటారు. ఉదాహరణకు పదేళ్ళ అబ్బాయి ఎత్తు 1.35 మీటర్లు, బరువు 45 కిలోలు అనుకుందాం. లెక్క కడితే సుమారు 24.7 వస్తుంది. పెద్దవాళ్ళకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 25. కాబట్టి ఫరవాలేదు అనుకుంటాం. అక్కడే వుంది చిక్కు. పిల్లలకు వయస్సును బట్టి, ఆడా మగా తేడాను బట్టి వేరే పట్టిక వుంది. పదేళ్ళ మగపిల్లవాడికి ఆ పట్టికలో నడిమి విలువ 16.4 మాత్రమే. 21.4 దాటితే ఊబకాయం కిందే లెక్క. మన అబ్బాయి ఆ గీత ఎప్పుడో దాటేశాడన్నమాట!

1990లో 5 నుంచి 19 ఏళ్ళ లోపు వారిలో నూటికి 8 మంది అధిక బరువుతో వుంటే, 2022 నాటికి నూటికి 20 మంది అయ్యారని అదే సంస్థ చెబుతోంది.

ఏది ముందు, ఏది వెనుక?

రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని అనకూడదు. కోడి కూసినందువల్లే తెల్లవారదు కదా! అందుకే పరిశోధకులు పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించారు.

అమెరికాలో ఆరు పెద్ద పిల్లల వైద్య కేంద్రాల నుంచి 5 లక్షలకు పైగా పిల్లల వివరాలు తీసుకుని చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. మామూలు బరువున్న పిల్లలకంటే ఊబకాయం వున్న పిల్లలకు కొత్తగా ఉబ్బసం వచ్చే అవకాశం సుమారు 30 శాతం ఎక్కువని అందులో తేలింది. ఊబకాయం వున్న పిల్లల్లో వచ్చిన ఉబ్బసంలో దాదాపు నాలుగో వంతుకు ఆ లావే కారణమై వుండవచ్చునని వారు లెక్కగట్టారు.

దీనికి ఎదురుదారి కూడా వుంది. దక్షిణ కాలిఫోర్నియాలో 5 నుంచి 8 ఏళ్ళ వయసున్న, ఊబకాయం లేని 2,171 మంది పిల్లల్ని పదేళ్ళ వరకు గమనించి 2017లో ఫలితాలు ప్రకటించారు. మొదటినుంచీ ఉబ్బసం వున్నవారు తర్వాత ఊబకాయులయ్యే అవకాశం 51 శాతం ఎక్కువగా కనిపించింది. ఆయాసం వచ్చినప్పుడు ఇన్‌హేలర్ మందు వాడుతూ వచ్చినవారిలో ఆ ప్రమాదం 43 శాతం తక్కువగా వుంది.

అంటే ఇది ఒకవైపు దారి కాదు, గుండ్రంగా తిరిగే గానుగ. ఆయాసం వల్ల ఆట మానేస్తాడు, ఆట మానేస్తే బరువు పెరుగుతాడు, బరువు పెరిగితే ఆయాసం హెచ్చుతుంది.

శరీరం లోపల జరిగేది

మొదటిది బరువు సంగతి. పొట్టలోని కొవ్వు ఉదరవితానాన్ని పైకి నెడుతుంది. ఛాతీమీది కొవ్వు పక్కటెముకల్ని అదుముతుంది. ఊపిరితిత్తులు పూర్తిగా విప్పారవు. నిండుగా ఊపిరి తీసినప్పుడు శ్వాసనాళాల కండరాలు సాగుతాయి. పైపైన చిన్న చిన్న ఊపిర్లు తీస్తుంటే ఆ సాగుడు లేక అవి బిర్రబిగుసుకుపోతాయి.

రెండోది, కొవ్వు ఊరికే మూటగట్టిన సరుకు కాదు. అది రసాయనాలను పుట్టించే కణజాలం. 1994లో కనుగొన్న లెప్టిన్ అనే హార్మోను అందులోంచే వస్తుంది. కొవ్వు పెరిగేకొద్దీ వాపును పెంచే లెప్టిన్ హెచ్చుతుంది, వాపును తగ్గించే అడిపోనెక్టిన్ తగ్గుతుంది. ఇలా శరీరమంతా ఒక నివురుగప్పిన వాపు నిలిచిపోతుంది. ఊబకాయం వున్న ఉబ్బస రోగుల్లో కొందరికి పీల్చే స్టెరాయిడ్ మందులు మిగతావారికి పనిచేసినంత బాగా పనిచేయకపోవడానికి ఇదొక కారణమని భావిస్తున్నారు.

మూడోది నాకు చాలా ఆసక్తి కలిగించింది. ఊపిరితిత్తుల పెరుగుదలకు తగినట్టు శ్వాసనాళాలు వెడల్పు కాకపోవడాన్ని డిసనాప్సిస్ అంటారు. ఆ మాటను 1980లో జెర్ మీడ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ప్రయోగించాడు. ఊబకాయం వున్న పిల్లల్లో ఇది ఎక్కువగా కనిపిస్తోంది. రైతుబిడ్డగా నాకిది వెంటనే అర్థమయింది. ఎకరం చేనుకు తవ్విన బోదెతోనే మూడెకరాలు తడపాలంటే ఎలా కుదురుతుంది? చేను పెరిగింది, కాలువ మాత్రం పాత వెడల్పే.

మన ఇళ్ళల్లో

మాది మిరప పండించే ఊరు. మా మేనల్లుడు మా ఇంట్లోనే వుండి ఐదో తరగతి చదువుతున్నాడు. నాలుగో ఏటినుంచీ వాడికి ఉబ్బసం. కళ్ళంలో కాయలు ఆరబోసే రోజుల్లో వాణ్ణి అటు పోనివ్వం, అది సబబే. కాని బడిలో ఆటల పీరియడు రాగానే "నువ్వు కూర్చోరా, ఆయాసపడతావు" అని వాణ్ణి చెట్టుకింద కూర్చోబెట్టేవారు. ఇంట్లో మా అమ్మ నెయ్యి వేసి ముద్ద మీద ముద్ద పెట్టేది. వద్దంటే, "ఊపిరాడని బిడ్డకు తిండన్నా సరిగ్గా పెట్టొద్దుట్రా?" అనేది. ఆ ప్రేమను కాదనగలవాడెవడు? రెండేళ్ళలో వాడు రెండు వందల గజాలు నడవలేని స్థితికి వచ్చాడు. పిల్లలు వాడికి పెట్టిన పేరు ఇక్కడ రాయను.

ఇన్‌హేలర్ అలవాటైతే మానలేమని మా బావకు భయం. అది అపోహేనని డాక్టరుగారు విడమరచి చెప్పారు. మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది కాబట్టి మాత్రలకంటే ఎంతో తక్కువ మోతాదు సరిపోతుందన్నారు. ఎక్కువకాలం స్టెరాయిడ్ మాత్రలు మింగితేనే ఆకలీ, బరువూ పెరుగుతాయట. రోజూ వాడే మందు వేరు, ఆయాసం వచ్చినప్పుడు వాడేది వేరు అని కూడా వివరించారు. ఇప్పుడు వాడు స్పేసరు పెట్టుకుని మందు పీలుస్తున్నాడు. సాయంత్రాలు చెరువుకట్ట దాకా నడుస్తున్నాడు. జబ్బు పోలేదు, కాని రాత్రిళ్ళు లేచి కూర్చోవడం తగ్గింది.

చేయవలసినది

లావుగా వున్న పిల్లవాడికి రొప్పు వస్తే అదంతా ఉబ్బసమేనని అనుకోరాదు. గాలి ఊదించి చేసే స్పైరోమెట్రీ పరీక్షతో తేల్చుకోవాలి. నిర్ధారణ అయితే డాక్టరు చెప్పిన మందు మానకూడదు. పిల్లల్ని పస్తులుంచి బరువు తగ్గించడం తప్పు. ఎదిగే వయసు కాబట్టి, బరువు పెరగకుండా నిలిపితే చాలు, ఎత్తు పెరిగేకొద్దీ చాలామందికి లెక్క సరిపడుతుంది. సీసాల్లో తియ్యటి పానీయాలు, పొట్లాల్లో చిరుతిళ్ళు తగ్గించి పప్పు, కూర, మజ్జిగ, పండ్లు పెట్టాలి. ఇంట్లో కట్టెపొయ్యి పొగ, చుట్ట పొగ లేకుండా చూడాలి. ముఖ్యంగా ఆట మాన్పించకూడదు. మందుతో ఉబ్బసం అదుపులో వున్న పిల్లవాడు అందరిలాగే ఆడుకోవచ్చు.

మిత్రులారా! రేపు మనలో చాలామంది ఉపాధ్యాయులం అవుతాం, తల్లిదండ్రులం అవుతాం. ఆటస్థలం పక్కన చెట్టుకింద ఒంటరిగా కూర్చున్న బొద్దు పిల్లవాడు కనిపిస్తే జాలిపడి ఊరుకోవద్దు, ఎగతాళి అసలే వద్దు. వాడి జేబులో మందు వుందో లేదో అడిగి, చెయ్యి పట్టుకుని ఆటలోకి తీసుకురండి. గానుగను ఆపాలంటే ఎక్కడో ఒకచోట చెయ్యి అడ్డం పెట్టాలి కదా!