‘స్త్రీలకు మాత్రమే’ : పదార్థ ప్రయోజన విచారము

2025 ఆగస్టు 15వ తేదీన ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ‘స్త్రీశక్తి’ యను పేర ఉచిత బస్సు ప్రయాణ పథకమును ప్రారంభించినది. పథకము పేరున ఉన్నది ఒక్క స్త్రీశబ్దమే. అర్హుల పట్టికలో మాత్రము మూడు పదములున్నవి: బాలికలు, స్త్రీలు, ట్రాన్స్‌జెండరు వ్యక్తులు. 2023 డిసెంబరు 9వ తేదీన తెలంగాణమున ప్రారంభమైన ‘మహాలక్ష్మి’ పథకమునందును ఈ మూడు వర్గములే చెప్పబడినవి. ఈ మూడవ పదము మొదటి రెండింటిలో అంతర్భవించునా, లేక వెలుపలనుండి వానికి చేర్చబడినదా? చూచుటకు వ్యాకరణపు ప్రశ్నవలె నున్న యీ ప్రశ్న నేడు న్యాయస్థానములను, ఎన్నికల అధికారులను, విద్యాలయముల వసతిగృహములను ఎదుర్కొనుచున్నది. స్త్రీలకు ప్రత్యేకింపబడిన స్థలములలోనికి ట్రాన్స్ స్త్రీలను రానీయవచ్చునా యను వివాదమునకు మూలమిదియే. పుట్టినపుడు పురుషుడని వ్రాయబడి, తాను స్త్రీనని యెరిగి స్త్రీగా జీవించువారిని ఈ వ్యాసమున ‘ట్రాన్స్ స్త్రీ’ యని వ్యవహరింతుము.

పశ్చిమ నెల్లూరు ప్రాంతమున కొండాపురము, ఉదయగిరి, ఆత్మకూరు వైపు తిరుగు పల్లెవెలుగు బస్సును ఉదాహరణముగా గైకొందము. అందు రెండు విషయములు వేరువేరుగా నున్నవి. ఒకటి టికెట్టు; రెండవది ‘స్త్రీలు’ అని వ్రాయబడిన సీటు. టికెట్టు విషయమున ప్రభుత్వము ట్రాన్స్‌జెండరు వ్యక్తులను పేరు పెట్టి చెప్పినది గనుక సందేహము లేదు. సీటుపై నున్నది మాత్రము ఒక్కటే పదము. ఉచితముగా బస్సెక్కిన ట్రాన్స్ స్త్రీ ఆ సీటున కూర్చుండవచ్చునా యనునది టికెట్టువలన తేలదు. టికెట్టు ఒక సౌకర్యము. సీటు ఒక స్థలము. సౌకర్యమును పంచుటలో రాని తగవు స్థలమును పంచుటలో వచ్చుచున్నది. కావున పదమును, స్థలమును, వానిని కలుపు ప్రయోజనమును క్రమముగా పరిశీలింపవలసియున్నది.

1. శబ్దము

లింగమను మాటకు వ్యాకరణమున నొక యర్థము, లోకమున నొక యర్థము కలవని విద్యార్థులకు మొదటనే చెప్పుదుము. సంస్కృతమున ‘భార్యా’ స్త్రీలింగము, ‘దారాః’ పుంలింగము, ‘కళత్రమ్’ నపుంసకలింగము; మూడింటికిని అర్థము ఆలియే. తెలుగున ‘ఆమె వచ్చినది’, ‘ఆవు వచ్చినది’ యని యేకవచనమున స్త్రీ అమహత్తులతో చేరును; ‘స్త్రీలు వచ్చినారు’, ‘పురుషులు వచ్చినారు’ అని బహువచనమున మహత్తులతో చేరును. చిన్నయసూరి బాలవ్యాకరణమున (1858) ఈ వ్యవస్థ సూత్రబద్ధమైనది. ఒకే శబ్దము ఒక సందర్భమున నొక వర్గమునను, వేరొక సందర్భమున వేరొక వర్గమునను చేరుట మన భాషకు క్రొత్త కాదు. వ్యాకరణము సమాజమునకు శాసనము కాజాలదు. అయినను వర్గములు వస్తువులతో పుట్టినవి కావనియు, ఒక పనికై ఏర్పడినవనియు వ్యాకరణమువలన మనము నేర్చుకొనవచ్చును.

ఇక లోకవ్యవహారమున నున్న పదములను చూతము. ప్రాచీనులు ‘తృతీయా ప్రకృతి’ యనిరి. తెలుగున ‘పేడి’ యను పదము కలదు. ‘కొజ్జా’ యనునది ‘ఖ్వాజా’ యను పారసీక శబ్దమునుండి వచ్చినది. ఖ్వాజా యనగా ప్రభువు, పెద్ద. దక్కను నవాబుల జనానాలలో ఉన్నతోద్యోగులకు గౌరవనామమైన మాట నేడు తిట్టుగా దిగజారినది. అర్థాపకర్షకు ఇంతకంటె స్పష్టమైన యుదాహరణము దొరకుట యరుదు. పదము పతనమగుట ఆ జనుల స్థితి పతనమగుటకు గుర్తు.

‘వేషము’ అను మాటయు నిట్టిదే. ఆహార్యమునకును మోసమునకును అదియే మాట. భామాకలాపమున వేదాంతం సత్యనారాయణశర్మ, రంగస్థలమున స్థానం నరసింహారావు స్త్రీవేషమున ప్రసిద్ధి కెక్కి పద్మశ్రీ బిరుదము నందినవారు. ప్రదర్శనము ముగిసినంతనే ఆ వేషమును విప్పుదురు. ట్రాన్స్ స్త్రీ విషయమున విప్పుటకు వేషము లేదు. ఈ భేదమును గుర్తింపక ‘స్త్రీవేషమున నున్న పురుషుడు’ అని వ్యవహరించుటచే వివాదము మొదలుకాకముందే తీర్పు చెప్పబడినట్లగుచున్నది.

2. అంతఃపురము

స్త్రీలకు మాత్రమే యైన స్థలములలో మన సాహిత్యమున సుప్రసిద్ధమైనది విరాటుని కన్యాంతఃపురము. అర్జునుడు బృహన్నలయై నాట్యము నేర్పుటకు వచ్చినపుడు రాజు అతని మాటను మాత్రమే నమ్మి లోనికి పంపలేదనియు, పుంస్త్వము లేదని రూఢిచేసికొనిన పిదపనే పంపెననియు సంస్కృత మహాభారతము చెప్పుచున్నది. ప్రవేశమునకు ముందు పరీక్ష యను భావము ఇంత ప్రాచీనమైనది.

బృహన్నల కథను నేటి ట్రాన్స్ స్త్రీల స్థితితో సమానము చేయరాదు. అది శాపవశమున ఒక యేడు కలిగిన రూపము. కథనుండి మనము గ్రహింపవలసినది వేరు. స్త్రీల స్థలమున ప్రవేశించుటకు ‘ఎవరు అర్హులు’ అను ప్రశ్న వెంటనే ‘ఎవరు నిర్ణయింతురు, ఏ ప్రమాణముచేత’ అను ప్రశ్న వచ్చును. తార్కికుల పరిభాషలో చెప్పవలెనన్న దేహమును చూచి నిర్ణయించుట ప్రత్యక్షము. ఆ వ్యక్తి మాటను గ్రహించుట శబ్దము. వీనికి నేటి పరిపాలనము మూడవదానిని చేర్చినది. అది అధికారి యిచ్చు పత్రము. గడచిన వందయేండ్ల శాసనములను, తీర్పులను ఈ మూడింటి నడుమ జరిగిన పోరాటముగా చదువవచ్చును.

3. శాసనము

హైదరాబాదు సంస్థానమున 1329 ఫసలీలో, అనగా 1919లో, నపుంసకులకు సంబంధించిన యొక చట్టము చేయబడినది. దానిచే వారి పేర్లు పట్టికలో నెక్కింపబడెను. స్త్రీల దుస్తులతోనో ఆభరణములతోనో వీథిలో కనబడినవారిని వారంటు లేకయే నిర్బంధించు నధికారము పోలీసులకు కలిగెను. ఇచట ప్రమాణము ప్రత్యక్షమే. చీర కట్టుటయే నేరము. ఈ చట్టము రాజ్యాంగవిరుద్ధమని తెలంగాణ ఉన్నతన్యాయస్థానము 2023 జూలైలో కొట్టివేసినది.

భారత సర్వోన్నత న్యాయస్థానము 2014 ఏప్రిలు 15వ తేదీన నల్సా కేసున తీర్పు చెప్పుచు, స్త్రీ, పురుషుడు, తృతీయ లింగము అను మూడింటిలో తానెవరో నిర్ణయించుకొను హక్కు వ్యక్తికే కలదనియు, శస్త్రచికిత్సను పట్టుబట్టరాదనియు చెప్పినది. ఇది శబ్దప్రమాణము. ఆ తీర్పే వారికి ప్రత్యేకముగా మరుగుదొడ్లు కట్టింపవలెనని ప్రభుత్వములను ఆదేశించినది. లోనికి రానిమ్మనుట, వేరుగా కట్టింపుడనుట యను రెండు మార్గములును ఒకే తీర్పులో నుండుట గమనింపదగినది.

2019లో పార్లమెంటు చేసిన చట్టము పత్రప్రమాణమును తెచ్చినది. జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చు పత్రముచే ఒకరు ‘ట్రాన్స్‌జెండరు’ అగుదురు. ‘స్త్రీ’ యని వ్రాయించుకొనుటకు శస్త్రచికిత్స జరిగినట్లు చూపవలెనని ఆ చట్టము చెప్పినది. వారిపై లైంగిక దౌర్జన్యము చేసినవారికి రెండేండ్లకు మించని శిక్షను విధించినది. స్త్రీపై బలాత్కారమునకు కనీస శిక్షయే పదేండ్లు. వేరు పేరుతో పిలుచుట గౌరవముగా కనబడినను, పేరు వేరైనచోట రక్షణయు తగ్గుట కలదని దీనివలన తెలియుచున్నది.

2025 జూనులో ఆంధ్రప్రదేశ ఉన్నతన్యాయస్థానము ఇంకొక యడుగు వేసినది. భర్తయు నతని బంధువులును పెట్టు హింసనుండి స్త్రీని రక్షించు 498-ఎ సెక్షను క్రింద ట్రాన్స్ స్త్రీ ఫిర్యాదు చేయవచ్చుననియు, సంతానము కనలేదను కారణముచే ఆమె స్త్రీత్వమును నిరాకరింపరాదనియు తీర్పు చెప్పినది. ఆ ఫిర్యాదునందు తగిన యాధారములు లేవని కేసును కొట్టివేసినను సూత్రము నిలిచినది. బస్సు పథకములది సముచ్చయ మార్గము: ‘స్త్రీలును, ట్రాన్స్‌జెండరు వ్యక్తులును’ అని. ఈ తీర్పుది అంతర్భావ మార్గము: ‘ట్రాన్స్ స్త్రీయు స్త్రీయే’ యని. మొదటిది సౌకర్యము నిచ్చి పేరును ఈయదు. అందుచే ఆక్షేపణ తక్కువ. రెండవది పేరును ఇచ్చును. పేరుతో కూడ స్త్రీలకున్న స్థలములన్నిటి ప్రశ్నయు వచ్చును.

4. ఎన్నికల స్థానము

ఆ స్థలములలో అందరి కంట పడునది ఎన్నికలలో స్త్రీలకు రిజర్వు చేయబడిన స్థానము. మధ్యప్రదేశమున కట్ని నగరపు మేయరు పదవికి స్త్రీల రిజర్వు స్థానమునుండి కమలాజాన్ ఎన్నికయ్యెను. ఆమె స్త్రీ కాదని ఎన్నిక రద్దగుటయు, 2003లో ఆ రాష్ట్రపు ఉన్నతన్యాయస్థానము దానిని సమర్థించుటయు జరిగినవి. 2021 జనవరిలో మహారాష్ట్రమున జలగాం జిల్లా పంచాయతీ యెన్నికలో ట్రాన్స్ స్త్రీ నామినేషనును అధికారి త్రోసిపుచ్చగా, బొంబాయి ఉన్నతన్యాయస్థానము ఆమెను స్త్రీల స్థానమున పోటీచేయనిచ్చినది. ఈ రెండు తీర్పుల నడుమ నున్నది 2014 నాటి నల్సా తీర్పే.

ఇచట ఆక్షేపించువారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. రిజర్వు స్థానము లెక్కింపదగిన వస్తువు. ఒకరికిచ్చిన మరియొకరికి తగ్గును. ఆడపిల్లగా పుట్టి, ఆ కారణమున చదువును ఆస్తిని కోల్పోయినవారికై యేర్పడిన స్థానమది యని వారందురు. ట్రాన్స్ స్త్రీ ఇంటనుండి వెడలగొట్టబడి చదువును ఆస్తిని కోల్పోవుట స్త్రీగా జీవింపబూనుట వలననే గదా యని రెండవ పక్షమువారి సమాధానము. రెండు వాదములును లేమినే యాధారముగా చేసికొనినవి.

5. స్థలము, ప్రయోజనము

ఒక స్థలమును స్త్రీలకు ఎందులకు ప్రత్యేకించితిమి? ఈ ప్రశ్నకు అన్నిచోట్లను ఒకటే యుత్తరము లేదు. కొండాపురమునకు సమీపమున, కలిగిరి మండలమందలి దూబగుంట స్త్రీలు 1992లో సారా దుకాణమును మూయించుటకై కూడిరి. 1993 అక్టోబరు నుండి రాష్ట్రమున సారా నిషేధము వచ్చుటకు ఆ కూడికయే నాంది. నెల్లూరు జిల్లా పొదుపు సంఘములకు బలము నిచ్చినదియు నదియే. త్రాగి కొట్టు మగవారి యెదుట చెప్పలేని మాట చెప్పుకొనుటకు స్థలము కావలసెను. అట్టి సంఘమునకు ప్రయోజనము అభయము, పరస్పర విశ్వాసము. సభ్యురాండ్రు ఒకరి అప్పునకు ఒకరు హామీ గనుక చేర్చుకొనుటలో వారి యంగీకారమే ప్రధానము.

బస్సులోని సీటునకు ప్రయోజనము ఒత్తిడినుండియు, అసభ్యపు చేతులనుండియు రక్షణము. ఈ బాధ ట్రాన్స్ స్త్రీకి తక్కువ కాదు. ఆటలపోటీకి ప్రయోజనము దేహబలమున న్యాయము. అందుచేతనే ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ పురుషులుగా యౌవనము గడచిన ట్రాన్స్ స్త్రీలను 2023 మార్చి 31 నుండి స్త్రీల అంతర్జాతీయ పోటీలకు అనర్హులని నిర్ణయించినది. స్నానపుగదికి, వసతిగృహమునకు ప్రయోజనము మరుగు. హైదరాబాదునందలి నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము 2022లో వసతిగృహమున ఒక భాగమును లింగభేదము లేని స్థలముగా ఏర్పరచినది. అది ఎవరి మరుగును భంగపరుపక మూడవ గదిని తెరచుట.

బ్రిటను సర్వోన్నత న్యాయస్థానము 2025 ఏప్రిలు 16వ తేదీన, 2010 నాటి సమానత్వ చట్టమున ‘స్త్రీ’ యనగా జన్మతః స్త్రీయే యని ఏకగ్రీవముగా నిర్ణయించినది. ట్రాన్స్ వ్యక్తులపై వివక్షను నిషేధించు భాగము ఆ చట్టమున చెక్కుచెదరదనియు చెప్పినది. ఒక చట్టమున ఒక పదమునకు ఒకే యర్థముండవలెనను న్యాయమునకు బలము కలదు. స్త్రీల యాశ్రయగృహమును నడుపువారికి నిశ్చయము కావలెను. కాని అర్థము నిశ్చితమైనంత మాత్రమున ప్రమాణము నిశ్చితము కాదు. తలుపు దగ్గర నిలిచినవారు పుట్టుకను చూడలేరు. మొగమును, గొంతును, ఎత్తును చూతురు. ప్రత్యక్షము ప్రమాణమైనచో ఎత్తరియైన స్త్రీయు, గొంతు బొంగురైన స్త్రీయు, పెదవిపై నూగు కల స్త్రీయు పరీక్షకు నిలువవలసివచ్చును. శబ్దమే ప్రమాణమైనచో అసత్యము పలుకు పురుషునకు తలుపు తెరచినట్లగునని స్త్రీలు భయపడుదురు. ఆ భయము అనుభవమునుండి పుట్టినదే. ఇచట నొకటి గమనింపవలెను. స్త్రీలు ఎవనికి భయపడి ప్రత్యేక స్థలమును కోరిరో, ట్రాన్స్ స్త్రీలును వానికే భయపడి ఆ స్థలమునే కోరుచున్నారు. మరుగును కోరు స్త్రీని నిర్దయురాలనుటయు, సీటును కోరు ట్రాన్స్ స్త్రీని మోసగత్తె యనుటయు ఒకే తప్పునకు రెండు ముఖములు.

6. ఫలితము

ఈ విచారమువలన మాకు తోచినదేమన: ‘స్త్రీ యనగా నెవరు’ అని నిఘంటువు నడిగి, వచ్చిన యుత్తరమును బస్సునకు, ఎన్నికకు, ఆటకు, స్నానపుగదికి ఒకే తీరున అన్వయించుట సరికాదు. ప్రతి స్థలమునకును ప్రయోజనమును ముందుగా నిర్ణయింపవలెను. ఆ ప్రయోజనము రక్షణమైనచోట, ఆపద సమానమైనవారిని వెలుపల నిలుపుటకు కారణము కనబడదు. అది దేహన్యాయమో, మరుగో యైనచోట వేరొక యేర్పాటు న్యాయము కావచ్చును. కాని ఆ యేర్పాటు నిజముగా కట్టబడియుండవలెను. కట్టని గదిని చూపి ‘అచటికి పొమ్ము’ అనుట నిరాకరణమే.

మన పరిశోధక విద్యార్థులు చేయదగిన పని ఒకటి కలదు. పరిపాలనపు తెలుగున ఈ జనులకు వాడబడు పదములను ఉత్తరువులనుండి, పత్రికలనుండి, వ్యవహారమునుండి కాలక్రమమున సేకరించి, ఏ పదముతో ఏ హక్కు వచ్చినది, ఏ పదముతో ఏది పోయినది చూపవలెను. తెలుగున ‘వారు’ అను సర్వనామమునకు లింగము లేదు, గౌరవమే కలదు. తుదినిర్ణయము వచ్చువరకు తరగతిలోను బస్సులోను ఆ మాటను వాడుటకు ఏ చట్టమును మనకు అడ్డము లేదు.