ఘాతాల మధ్య తేడా: ఒక సమీకరణానికి ఎన్ని జవాబులు?

13లో 3 తీసేస్తే 10. 13³ అంటే 2,197. 3⁷ అంటే 2,187. వీటి తేడా కూడా 10. మరి 13, 3ల ఘాతాల్లో ఇదే తేడా ఇచ్చే మూడో జత ఉందా? కంప్యూటర్‌తో ఎంత వెతికినా, దొరకలేదన్నంత మాత్రాన లేదని రుజువైనట్టు కాదు. ఘాతాంకాలకు అంతు లేదు కదా!

తెలియని రాశులు ఘాతాంకాల స్థానంలో ఉండి, జవాబులు పూర్ణసంఖ్యలే కావాలనే సమీకరణాలను ఘాత డయోఫాంటైన్ సమీకరణాలంటారు. రెండు సంఖ్యల ఘాతాల తేడా ఒక స్థిరసంఖ్య అయ్యే సమీకరణాన్ని లోతుగా పరిశోధించినవారు భారతీయ గణితవేత్త ఎస్. ఎస్. పిళ్లై. 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేని రెండు భూములను తీసుకుంటే, తేడా తగినంత పెద్దదైనప్పుడు ఒకటికి మించి జవాబులుండవని ఆయన 1936లో నిరూపించారు. అయితే 'తగినంత' అంటే ఎంతో ఆ నిరూపణ చెప్పలేదు.

జవాబుల సంఖ్యకు హద్దు ఎలా వేస్తారు? మొదటి ఆయుధం, జవాబుల మధ్య ఎడం. పై ఉదాహరణలో మూడో జత ఉందనుకుందాం. దాని నుంచి రెండో జతను తీసివేస్తే, 13 ఘాతాల తేడా, 3 ఘాతాల తేడాకు సమానం కావాలి. మొదటి తేడాను 13³ నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి రెండోదాన్నీ భాగించాలి. శేషాలు లెక్కిస్తే, 3 ఘాతాంకం 7 కంటే కనీసం 507 ఎక్కువ ఉండాలని తేలుతుంది. అంటే కనీసం 3⁵¹⁴. అది 246 అంకెల సంఖ్య!

రెండో ఆయుధం బ్రిటన్ గణితవేత్త అలన్ బేకర్ 1966లో అందించినది. అంత పెద్ద సంఖ్యల తేడా 10 మాత్రమే అయితే వాటి సంవర్గమానాలు దాదాపు ఒకటే కావాలి. అవి ఒక పరిమితిని దాటి దగ్గర కాలేవని బేకర్ చూపారు. దాంతో ఘాతాంకాలకు పైహద్దు దొరికింది. ఈ కృషికి 1970లో ఆయనకు ఫీల్డ్స్ పతకం లభించింది.

ఎడం సూత్రం తర్వాతి జవాబును దూరానికి నెడుతుంది. బేకర్ హద్దు అంత దూరం పోనివ్వదు. ఈ రెంటినీ కలిపి మైకేల్ బెన్నెట్ 2001లో పిళ్లై సమీకరణానికి గరిష్ఠంగా రెండే జవాబులని నిరూపించారు. భూములు 1 కంటే పెద్ద ఏ పూర్ణసంఖ్యలైనా, తేడా సున్నా కానంత వరకూ ఇది వర్తిస్తుంది. కాబట్టి మన మూడో జత లేనే లేదు.

భూములను కూడా స్వేచ్ఛగా మార్చుకోనిస్తే? ఘాతాంకాలు రెండూ 1 కంటే పెద్దవైనప్పుడు, ఏ తేడాకైనా జవాబులు పరిమితమేనని పిళ్లై ఊహించారు. తేడా 1 అయితే 9, 8 జత ఒక్కటేనని మిహైలెస్కు 2002లో రుజువు చేశారు. తేడా 2కు 27, 25 జత మనకు తెలుసు. కానీ అలాంటి జతలు పరిమితమో కాదో ఇప్పటికీ ఎవరూ నిరూపించలేదు. 1950లో అమెరికాలో జరగనున్న అంతర్జాతీయ గణిత మహాసభకు వెళుతూ, కైరో సమీపంలో విమాన ప్రమాదంలో పిళ్లై మరణించారు. ఆయన వదిలిన ప్రశ్న మాత్రం ఇంకా సజీవంగానే ఉంది.